ముడి లేని ఉయ్యాల

మొగపేట
4 నవంబరు 2024

అమ్మాయ్ వీరదుర్గా,

పైన ఏం పెట్టి మొదలుపెట్టాలో తెలీక పేరొక్కటే రాశాను. పెళ్ళికి ముందు మీ నాన్నకి రాసిన ఉత్తరంలో చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని నీ పేరు ముందు పెట్టాను. ఇప్పుడది రాయడానికి చెయ్యి రాలేదు. ఏమీ అనుకోకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు అత్తయ్యా అంటావు, నేను అమ్మాయ్ అంటాను, ఆ పైన ఇద్దరిదీ ఏడుపే. చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం. సురేంద్ర పోయి నలభై మూడు రోజులైంది. నలభై మూడు రోజులుగా మనిద్దరం మాట్లాడుకున్నది అదే. కాగితం మీదైతే కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసుకోవచ్చు. నేను చదివింది ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకో.

సంగతేంటంటే, మొన్న శనివారం కొరియర్ మనిషి నరసాపురం నించి వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. సురేంద్ర పేరు పిలిచాడు. లేడు బాబూ అన్నాను. ఎప్పుడొస్తారండీ అన్నాడు. ఏం చెప్పను, నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. పక్కింటి సంపూర్ణమ్మ కూతురు చదివి చెప్పింది. సురేంద్ర విదేశాల్లో ఎవరి దగ్గరో రెండు ఉయ్యాలలు కొన్నాడట. అడవుల్లో క్యాంపులకి వెళ్ళేవాళ్ళు రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకుంటారే, అవి. సెప్టెంబరులో అక్కణ్ణించి పంపారట. అవి ఇప్పుడు మద్రాసులో కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఆగిపోయాయి. కాగితాలు చూపించి సుంకం కడితే ఇస్తారు. డిసెంబరు ఒకటో తారీఖు దాటితే వచ్చిన దారినే వెనక్కి పంపేస్తారు.

మీ చినమావయ్య చంద్రరావు వచ్చి ఆ కాగితం తిరగేసి బోర్లేసి ఏమన్నాడో తెలుసా? "వదినా, మనోణ్ణి ఎవడో ఫోన్లో మోసం చేశాడు. వల అల్లే ఇంట్లోకి ఉయ్యాల విదేశాల నించా? డబ్బు పోతే పోయింది, ఇంకా పొయ్యకు" అన్నాడు. పోయినవాణ్ణి పట్టుకుని తెలివితక్కువవాడు అంటే నేను ఊరుకోను. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపేశాను.

నా కొడుకు మోసపోయేవాడు కాదు. ఒక్క కొబ్బరికాయ కొనాలన్నా పది కాయలు ఊపి చూసేవాడు. నీకు తెలియకుండా ఇంత కొనడు కాబట్టి నీకు సంగతంతా తెలిసే ఉంటుంది. నాకెందుకు చెప్పలేదని అడగను. మొగుడూ పెళ్ళాల మధ్య వంద ఉంటాయి. కానీ వాడు కోరి తెప్పించుకున్న ఆఖరి వస్తువు అది. వెనక్కి పోనివ్వను. నువ్వు ఆ ఇంటర్నెట్ సెంటర్లో అందరి ఫారాలూ నింపుతావు కదా, ఇది కూడా నింపు. కాగితం జెరాక్సు తీయించి పెడుతున్నాను.

అన్నం తింటున్నావా? ఎండు మెత్తళ్ళు చిన్న డబ్బాలో పోసి పక్కన పెట్టాను. ఎవరైనా తుని వైపు వస్తే పంపుతాను.

మీ అత్తయ్య
పెద్దింట్లమ్మ


తుని
9 నవంబరు 2024

అత్తయ్యగారికి నమస్కారాలండి.

మీ ఉత్తరం అందింది. మీ చేతిరాత చూడగానే మా అమ్మ నా చేతిలో పెట్టేసి పక్కకి వెళ్ళిపోయింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నామండి. నేను అన్నం తింటున్నాను.

కాగితం చదివాను. మా సెంటర్ నడిపే ఆశాజ్యోతి గారికి కూడా చూపించాను. ఆవిడ కొన్నాళ్ళు విశాఖపట్నంలో ఎగుమతి దిగుమతి కాగితాలు చూసే ఆఫీసులో చేశారు. ఆవిడ చెప్పినట్టే మీకు రాస్తున్నాను.

బయటి దేశం నించి కొన్నప్పుడు వస్తువు ధర ఒక్కటే ధర కాదటండి. అక్కణ్ణించి ఇక్కడికి తెచ్చిన కిరాయి కూడా వస్తువు ధరలో కలిపేస్తారు. ఆ మొత్తం మీద సుంకం వేస్తారు. సుంకం కలిపాక వచ్చిన మొత్తం మీద మళ్ళీ జీఎస్టీ. అవి అయ్యాక, కాగితాలు నడిపించినందుకు కొరియర్ వాళ్ళ చార్జీ వేరు. గోడౌన్లో ఉన్నందుకు రోజుకింత అద్దె. ఇవన్నీ కలిస్తే చాలాసార్లు కొన్న ధరలో సగం దాటిపోతుందట. మీ అబ్బాయి ఎంతకి కొన్నారో నాకు తెలీదు గానీ, ఆ బ్రాండు ధరలు నెట్లో చూస్తే మనం కట్టాల్సింది అయిదు వేల పైనే ఉంటుందని ఆవిడ అంచనా.

ఇంకో చిక్కు కూడా ఉందండి. అమ్మినవాళ్ళు డబ్బా మీద "గిఫ్ట్, పదిహేను డాలర్లు" అని రాశారట. సుంకం తగ్గుతుందని కొందరు అలా రాస్తుంటారు. కస్టమ్స్ వాళ్ళు నమ్మలేదు. నిజంగా ఎంత కట్టారో రసీదు చూపించమంటున్నారు. అది మన దగ్గర లేదు. పైగా కొన్న మనిషి లేరు కాబట్టి, వారసులం మేమేనని ఒక కాగితం రాసివ్వాలి.

ఇంత అవస్థ ఎందుకండీ? ఉయ్యాల కోసం అయిదారు వేలు పొయ్యడం ఆయనకి కూడా నచ్చదు. వెనక్కి పోనివ్వండి.

నాకు తెలిసే ఉంటుందని రాశారు. నాకేమీ తెలీదండి. ఆయన ఫోను నన్నెప్పుడూ చూడనివ్వలేదు. ఆయన ఏం చేసినా ముందు మీకు చెప్పే చేస్తారు. మీకు తెలిసే ఉంటుందని నేననుకున్నాను. మీరు అడుగుతుంటే ఆశ్చర్యంగా ఉంది.

మెత్తళ్ళు పంపకండి. మీరే వండుకోండి.

మీ కోడలు
వీరదుర్గ


మొగపేట
13 నవంబరు 2024

అమ్మాయ్ దుర్గా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సుంకం సంగతి అర్థమైంది. నాకు అర్థం కాదనుకోకు, చేపల వ్యాపారం చేసిన దాన్ని. వస్తువు మీద సుంకం అంటే సరే. తెచ్చిన కిరాయి మీద కూడా సుంకమా? నేను పాలకొల్లు సంతకి రొయ్యపప్పు ఆటోలో వేసుకెళితే, గేటు దగ్గర ఆటో కిరాయి మీద కూడా ఆశీలు కట్టమన్నట్టుంది. ఆ సుంకం మీద మళ్ళీ పన్ను! ఈ లెక్క కట్టినవాడెవడో గానీ వాడి చేతికి చిక్కితే గుండు సూది కూడా మిగలదు.

అయినా కడతాను. డబ్బు గురించి నువ్వు దిగులు పడకు. నిన్ను ఒక్క రూపాయి అడగను. దసరా ముందు అల్లిన రెండు వలల కూలి ఇంకా పెట్టెలోనే ఉంది. అది ఎవరి కోసం దాచాను? మీ మావయ్య పోయినప్పుడు సురేంద్రకి పదేళ్ళు. ఈ వేళ్ళతో వలలు అల్లే వాణ్ణి పెంచాను. వాడి ఉయ్యాలకి సుంకం కట్టలేనా?

నాకు బాధ కలిగింది వేరే మాట. "వెనక్కి పోనివ్వండి" అని ఎంత తేలిగ్గా రాశావే! ఆయనకి నచ్చదని కూడా రాశావు. వాడే కదా కొన్నాడు, నచ్చకపోతే కొంటాడా? ఒక్క సంతకం. ఊరందరికీ ఫారాలు నింపే దానివి, మొగుడి పేరు మీద ఒక్క ఫారం నింపలేకపోయావా?

రాయకూడదనుకున్నాను గానీ రాసేస్తున్నాను. మీ మేనత్త ఎవరితోనో అందట, ఏడాది తిరిగాక అమ్మాయికి ఏదో ఒకటి చూడాలి, ఎన్నాళ్ళని ఇలా ఉంటుంది అని. ఆ మాట పడవల మీద మా దాకా వచ్చింది. అందుకేనా వాడి వస్తువులు వెనక్కి పోవాలని నీ తొందర? అలాగైతే చెప్పు. నేను వేరే దారి చూసుకుంటాను.

రసీదు లేదన్నావు. వాడి ఫోను నా దగ్గరే ఉంది. ఆ రోజు చార్జింగ్ లేదని ఇంట్లో వదిలి వెళ్ళాడు. అందులో ఉంటుందా? తియ్యాలంటే తొమ్మిది చుక్కలొస్తున్నాయి, వాటి మీద ఏదో గీయాలి. వేలితో అటూ ఇటూ గీశాను. అయిదుసార్లు తప్పు గీస్తే కాసేపు ఆగమంటోంది. ఆగుతున్నాను.

పెద్దింట్లమ్మ


తుని
18 నవంబరు 2024

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు రాయలేకపోయాను. కోపంగా రాస్తే మీరు బాధపడతారని ఆగాను.

మా మేనత్త అన్న మాట నిజమేనండి. నా ముందే అంది. నేను పళ్ళెం వదిలేసి లేచిపోయాను. అంతకు మించి అందులో ఏమీ లేదు. పడవల మీద మీ దాకా వచ్చిన మాట, నేను లేచిపోయానన్న సంగతి మాత్రం మోసుకురాలేదు కాబోలు.

ఫారం సంగతి చెప్తాను. నేను రోజుకి ముప్ఫై ఫారాలు నింపుతానండి. పింఛన్లు, కుల ధ్రువీకరణలు, చదువుల దరఖాస్తులు. ఆయన కాగితం కూడా నింపుదామని కూర్చున్నాను. మొదటిసారి మీ ఉత్తరం అందిన రోజే కూర్చున్నాను. అందులో ఒక గడి ఉంది. "నా భర్త ఫలానా తేదీన మరణించారు" అని నా చేత్తో నేను రాసి, కింద సంతకం పెట్టాలి. మరణ ధ్రువపత్రం పంచాయతీ వాళ్ళు ఇచ్చారు, అది వాళ్ళు రాసుకున్నది. నేను ఇంతవరకూ ఆ మాట ఎక్కడా రాయలేదు. నోటితో కూడా అనలేదు. ఎవరైనా అడిగితే "మా ఆయన లేరు" అంటాను, వేటకెళ్ళినప్పుడు అన్నట్టే. మూడు కాగితాలు పాడుచేశాను అత్తయ్యా. ఆశాజ్యోతి గారు చూసి కలం తీసేసుకున్నారు. డబ్బు ఎక్కువని మీకు రాసింది అందుకే. డబ్బు మాటైతే మీరు ఒప్పుకుంటారనుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. అది ఇప్పుడు రాయలేను.

ఆశాజ్యోతి గారు కనుక్కుని చెప్పారు. భార్యే రాయక్కర్లేదట, తల్లి కూడా వారసురాలేనట. మీరు రాసి సంతకం పెడితే, నాకు అభ్యంతరం లేదని నేను కింద ఒక లైను రాస్తే చాలట. ఆ లైను నేను రాయగలను. పైది మీరు రాయగలరా అని అడగడానికి నాకు నోరు రావట్లేదు.

రసీదు ఫోన్లోనే ఉంటుందండి. గీత నాకు తెలీదు. ఒకసారి అడిగితే నవ్వి, "అది మా అమ్మకి తప్ప ఎవరికీ రాదు" అన్నారు. అందుకే మీకు తెలుసనుకున్నాను.

వీరదుర్గ


మొగపేట
23 నవంబరు 2024

అమ్మా దుర్గా,

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. పడవల మీద వచ్చిన మాట పట్టుకుని నీకు రాశాను. ముసలితనం ఇంకా రాలేదు, బుద్ధి మాత్రం ముందే తప్పినట్టుంది. మీ మేనత్త మీద కూడా కోపం లేదు. పిల్లకి ఇరవై అయిదేళ్ళు, ఆమె అనకపోతే ఎవరంటారు?

కాగితం రాశాను. దీంతో పాటే పంపుతున్నాను. నువ్వు చదవక్కర్లేదు, ఆశాజ్యోతి గారిని చదవమను. నువ్వు కింద నీ లైను రాసి పంపేస్తే చాలు. ఎలా రాయాలో నాకెవరూ చెప్పలేదు, నాకు తెలిసినట్టు రాశాను. ఇలా ఉంది:

"కస్టమ్స్ ఆఫీసరు గారికి, మొగపేట కాపురస్తురాలు పెద్దింట్లమ్మ రాయునది. మీ దగ్గర ఉన్న రెండు ఉయ్యాలలు కొన్నది నా కొడుకు సురేంద్ర. వయసు ఇరవై తొమ్మిది. సెప్టెంబరు ఇరవై రెండో తారీఖు ఆదివారం, సముద్రం మీద వేటలో ఉండగా పిడుగు పడి చనిపోయాడు. అతనికి తల్లిని నేను, భార్య వీరదుర్గ, ఇద్దరమే ఉన్నాం. ఉయ్యాలలు మాకు ఇప్పించవలెను. న్యాయంగా ఎంత సుంకమైతే అంత కడతాను. తగ్గించమని అడగను."

చూశావా, రాశాను. చనిపోయాడు అన్నచోట చెయ్యి ఆగింది. లేచి పొయ్యి మీద కూర కలిపి వచ్చి రాశాను. రాశాక నాకేమీ కాలేదు. కాగితం చిరగలేదు, ఇల్లు కూలలేదు. నేను కన్నాను కాబట్టి ఆ మాట నేనే రాయాలి అనిపించింది. నువ్వు రాయనక్కర్లేదు.

ఇక ఫోను. తెరిచాను!

"మా అమ్మకి తప్ప ఎవరికీ రాదు" అన్నాడని రాశావు కదా. అది పట్టుకుని కూర్చున్నాను. నాకు తప్ప ఎవరికీ రానిది నాకేమొచ్చు? చదువా, సంధ్యా? వల ముడి ఒకటే వచ్చు. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు వెనకాల కూర్చుని వాడి చెయ్యి పట్టుకుని నేర్పాను. "ఎక్కు, చుట్టు, దూరు, లాగు" అని పాటలా చెప్పేదాన్ని. వాడూ నాతో పాడేవాడు. అది గుర్తొచ్చి, తొమ్మిది చుక్కల మీద సూది నడిపినట్టే వేలు నడిపాను. కింద మూల నించి పైకెక్కి, పక్కకి చుట్టి, మధ్యలో దూరి, కిందకి లాగాను. ఫోను తెరుచుకుంది దుర్గా. నువ్వూ వాడూ మన కొత్త పడవ దగ్గర నిలబడ్డ బొమ్మ వచ్చింది.

లోపల ఏదీ నేను చదవలేదు. ఇంగ్లీషు, పైగా నీ భర్త ఫోను. గీత ఎలా గీయాలో వేరే కాగితం మీద బాణాలు వేసి పెట్టాను. ఫోను అట్టపెట్టెలో పెట్టి రిజిస్టరు చేసి పంపుతున్నాను. రసీదు నువ్వు వెతుకు. ఇంకేం కనపడినా అది నీది. నాకు చెప్పాలనుంటే చెప్పు.

నువ్వు ఇంకో కారణం ఉంది, రాయలేను అన్నావు. నాక్కూడా ఒకటుంది. నేను రాసేస్తాను.

జూలైలో వాడు నా పక్కన కూర్చుని అడిగాడు. "అమ్మా, మనిషి పడుకునే ఉయ్యాల ఒకటి వల దారంతో అల్లిపెట్టవే" అన్నాడు. నేను సూది విసిరేసినంత పని చేశాను. మనవాళ్ళలో వల దాటరు, వల మీద కూర్చోరు, వల్లో మనిషి పడుకోడు. వల్లో పడుకునేది చేప. మా అమ్మ చెప్పింది, మా అమ్మమ్మ చెప్పింది. "నా చేత్తో అల్లి నిన్ను వల్లో పడుకోబెట్టమంటావా వెధవా" అని తిట్టాను. నవ్వేసి లేచిపోయాడు. మళ్ళీ అడగలేదు.

ఆ ఆదివారం వాణ్ణి ఒడ్డుకి తెచ్చినప్పుడు పడవలో ఇంకేమీ లేక నేనల్లిన వల మీదే పడుకోబెట్టి తెచ్చారు. నువ్వు చూశావు.

నేను కాదన్నానని, నా మాట లెక్కచెయ్యకుండా విదేశాల నించి వల ఉయ్యాల తెప్పించుకున్నాడు. నాకు తెలిసింది అదే. అందుకే నాతో చెప్పలేదు. అయినా సరే, రానీ. నేను అల్లనన్న పాపానికి సుంకం నేనే కడతాను.

మీ అత్తయ్య


తుని
27 నవంబరు 2024

అత్తయ్యా,

గారు అని రాయలేదు, కోప్పడకండి. ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ రాస్తున్నాను.

ముందు పని మాట. రసీదు దొరికింది. మీ కాగితం ఆశాజ్యోతి గారు చదివారు. "ఇందులో ఒక్క అక్షరం మార్చను" అని కింద ఇంగ్లీషులో అర్థం మాత్రం టైపు చేయించారు. నా లైను నేను రాశాను. అన్నీ స్కాన్ చేసి నిన్ననే పంపేశాం. ఇవాళ జవాబు వచ్చింది. రసీదు చూసి అసలు ధర ఒప్పుకున్నారు. ఉయ్యాల ఒక్కోటి మూడు వేల వంద, తెచ్చిన కిరాయి మూడు వేలు. సుంకం, పన్ను, కొరియర్ చార్జీ, గోడౌన్ అద్దె అన్నీ కలిపి మనం కట్టాల్సింది అయిదు వేల నాలుగు వందల డెబ్భై. నేను కట్టేశాను. మీరు నన్ను రూపాయి అడగనన్నారు, నేనే మిమ్మల్ని అడుగుతున్నాను, సగం పంపండి. రెండో సగం నాది. ఎందుకో చెప్తాను.

మీరు చెప్పినట్టు గీశాను. రెండోసారికి తెరుచుకుంది. అమ్మినవాళ్ళతో ఆయన మాట్లాడుకున్నదంతా ఉంది. ఆయన ఇంగ్లీషు మీకు తెలుసుగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తెలుగులో రాస్తున్నాను, ఏమీ కలపలేదు.

అమ్మేవాడు ముందు వల ఉయ్యాల చూపించాడు. "ఇది చవక. వెయ్యి రూపాయలే. తేలిక కాబట్టి కిరాయీ తక్కువ, మీ దేశంలో సుంకమూ తక్కువ పడుతుంది" అన్నాడు. ఈయన వద్దన్నారు. "వల వద్దు. బట్ట కావాలి" అన్నారు. వాడు మళ్ళీ వేరే వల రకం చూపించాడు. "వల వద్దు అన్నాను. ముడి ఉండకూడదు. ఒక్క ముడి కూడా" అన్నారు. బట్ట రకం మూడు రెట్లు ధర, ఆలోచించుకోమన్నాడు. అప్పుడు ఈయన రాసింది ఇది: "మా అమ్మ వలలు అల్లుతుంది. వల్లో మనిషి పడుకోకూడదు అంటుంది. అమ్మ వద్దన్నది ఇంటికి తేలేను."

అత్తయ్యా, మీ మాట కాదని తెప్పించలేదు. మీ మాట నిలబెట్టడానికే మూడు రెట్లు పెట్టి కొన్నారు.

మోసపోలేదు కూడా. చినమావయ్యగారికి చెప్పండి. అమ్మేవాడు "ధర తక్కువ రాస్తాను, సుంకం తగ్గుతుంది" అంటే "వద్దు, ఉన్నది రాయండి, సుంకం ఎంతవుతుందో చూసుకున్నాను, అంతా కలిపి పదిహేను వేల లోపు" అని ఈయన రాశారు. మొత్తం పద్నాలుగు వేల ఆరు వందల డెబ్భై అయింది. పడవలో కూర్చుని మబ్బు చూసి వాన లెక్క చెప్పినట్టే చెప్పారు. వాడే వినకుండా తక్కువ రాశాడు.

డబ్బా మీద గిఫ్ట్ అని ఎందుకుందో కూడా తెలిసింది. ఎవరికి అని వాడు అడిగాడు, బరువు తెలియాలి కదా. "బహుమతులు. ఒకటి నా భార్యకి, యాభై కేజీలు. ఒకటి మా అమ్మకి, ఎనభై రెండు కేజీలు. ముందు తిడుతుంది, తర్వాత పడుకుంటుంది" అన్నారు. రెండే కొన్నారు. తనకి కొనుక్కోలేదు.

ఇప్పుడు నేను రాయలేనన్న కారణం. జూన్ నెలాఖర్లో సరుగుడు తోటలో బీచికి వచ్చినవాళ్ళు ఉయ్యాలలు కట్టుకుని పడుకుంటే చూశాను. "ఒక్కసారి అలా పడుకుంటే ఎంత బాగుంటుందో" అన్నాను. అంతే అన్నాను. మీరు కాగితం పంపి ఉయ్యాలలు అనగానే నా కోసమేనని తెలిసిపోయింది. నా నోటి మాటకి ఇంత ఖర్చు పెట్టించానే, ఆఖరికి అవే మిగిలాయే అని చూడలేననిపించింది. వెనక్కి పోవాలనిపించింది.

మీరు అల్లనన్నారని మీరు, నేను అడిగానని నేను. ఆయన మాత్రం ఇద్దరికీ కుదిరేలా చేసి పెట్టి వెళ్ళారు.

పార్సెల్ మీ ఇంటికే వస్తుంది. వచ్చాక రాయండి.

దుర్గ


మొగపేట
16 డిసెంబరు 2024

చిరంజీవి వీరదుర్గకి మీ అత్తయ్య దీవించి రాయునది.

వచ్చాయి! శనివారం మధ్యాహ్నం. అదే కొరియర్ మనిషి. ఈసారి సురేంద్ర పేరు పిలవలేదు, "పెద్దింట్లమ్మ గారండీ" అన్నాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నా సగం డబ్బు మనియార్డరు చేశాను, అందే ఉంటుంది.

ముందొక గొడవ తేల్చుకోవాలి. ఎనభై రెండు కేజీలా? నేనా? కట్టుకున్నవాడు కూడా అంత మాట అనలేదు. రేషన్ డిపోకి వెళ్ళి బియ్యం కాటా ఎక్కి చూశాను. డెబ్భై ఆరు. డీలరు సాక్ష్యం. సముద్రం అవతల ఎవడో నన్ను ఎనభై రెండు అనుకుంటూ బతుకుతున్నాడు.

డబ్బా విప్పితే ఉయ్యాలేదీ? గుప్పెడంత సంచులు రెండు ఉన్నాయి. చంద్రరావు పక్కనే ఉన్నాడు. "చెప్పానా వదినా, జేబురుమాళ్ళు పంపారు" అన్నాడు. ఒక సంచి లాగితే బట్ట వస్తూనే ఉంది. గడపలో మొదలైంది వీధి దాకా వచ్చింది. నేరేడు పండు రంగు. పట్టులా జారుతోంది. చంద్రరావు నోరు మూసుకుని కొస పట్టుకున్నాడు. లెక్క సంగతి కూడా చెప్పాను. పదిహేను వేల లోపు అన్నాడు, లోపే అయిందయ్యా అన్నాను. "మనోడు కదా" అన్నాడు. అప్పుడు మనోడైపోయాడు.

నేలంతా పరిచి, అంగుళం వదలకుండా వేళ్ళతో తడిమి చూశాను. ఒక్క ముడి లేదు. అంతా కుట్టే. కుట్టు ఫరవాలేదు, ఒక మూల దారం కొంచెం వదులుగా వేశారు, నేనైతే ఊరుకునేదాన్ని కాదు. చెట్టుకి కట్టే పట్టీలకి కూడా ముడి లేదు, కొక్కేలు తగిలించడమే. నా మాట ఎంత పట్టించుకున్నాడో చూడు.

ఆదివారం పొద్దున్నే సరుగుడు తోటకి తీసుకెళ్ళాం. చంద్రరావు రెండు చెట్లకి కట్టాడు. సంపూర్ణమ్మ, ఆమె కూతురు, ఇంకో నలుగురు చూడ్డానికి వచ్చారు. నేను చీర సర్దుకుని ఎక్కాను. ఎక్కినట్టే ఎక్కి అటు పక్క నించి ఇసకలో పడ్డాను. అందరూ లేపడానికి పరిగెత్తుకొచ్చారు. తర్వాత నేనే ముందు నవ్వాను దుర్గా. సెప్టెంబరు తర్వాత అదే మొదటిసారి. నవ్వాక భయమేసింది, నవ్వొచ్చా అని. "ముందు తిడుతుంది, తర్వాత పడుకుంటుంది" అన్నాడు కదా, తిట్టాను కూడా. గట్టిగానే తిట్టాను. మళ్ళీ ఎక్కి పడుకున్నాను.

ముప్ఫై ఏళ్ళుగా నేల మీద కాళ్ళు చాపి కూర్చుని అల్లిన నడుము నాది. అది నేలకి ఆనకపోతే ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. పైన సరుగుడు ఆకుల మధ్య నించి వెలుగు పడుతోంది. అందరూ వెళ్ళిపోయారు. నిద్ర పట్టేసింది. లేచేసరికి ఎండ కాళ్ళ దాకా వచ్చింది. వాడు కలలోకి రాలేదు. ఉత్తి నిద్ర. ఇన్నాళ్ళకి ఉత్తి నిద్ర పట్టింది.

రెండోది విప్పలేదు. అది నీది. యాభై కేజీలదని ఎర్ర సిరాతో దాని మీద నీ పేరు రాసి, మెత్తళ్ళ డబ్బా పక్కన పెట్టాను. నువ్వొచ్చి తీసుకెళతావా, నన్నే తుని తెమ్మంటావా, నీ ఇష్టం. వస్తే మాత్రం ఒక రోజు నా ఉయ్యాల పక్కన కట్టుకుని పడుకో. ఫోను నీ దగ్గరే ఉంచుకో. గీత నీకొచ్చు కదా, మన ఇంట్లో ఇక ఇద్దరికి వచ్చు.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మీ మేనత్త అన్న మాట మీద నేను చాలా ఆలోచించాను, ఉయ్యాల్లో పడుకునే ఆలోచించాను. ఆమె ఎవరినైనా చూస్తే, ఈసారి పళ్ళెం వదిలి లేచిపోకు. కూర్చుని విను. నచ్చకపోతే వద్దను. నచ్చితే నాకు ముందు రాయి, పెళ్ళికొడుకు బరువెంతో నేను కనుక్కుంటాను. నా గురించి, వాడి గురించి జంకకు. ఆ ఉయ్యాల వాడు నీకిచ్చింది. రేపు నువ్వు ఏ ఊరు వెళ్ళినా, ఏ ఇంటికి వెళ్ళినా, నీతో తీసుకెళ్ళు. దాని మీద కట్టాల్సిందంతా మనం కట్టేశాం. ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపరు.

మీ అత్తయ్య
పెద్దింట్లమ్మ